ఇల్లు మారిన సభలు

మాటకు ఆయువు తక్కువ. పలికిన క్షణముననే అది గాలిలో కలిసిపోవును. దానిని నిలుపుకొనవలెనను కోరికతోనే మానవుడు లిపిని కనుగొన్నాడు. తాటియాకుపై గంటముతో గీసినాడు. కాగితముపై కలముతో వ్రాసినాడు. అచ్చుయంత్రమును, గ్రామఫోనును, టేపురికార్డరును ఒకదాని వెంట ఒకటిగా తెచ్చుకొన్నాడు. మన కాలమున ఆ వరుసలో చేరినది ప్రత్యక్ష ప్రసారము. ఫోనును ఒక స్టాండుకు బిగించి, ‘లైవు’ అను మీటను తాకినంతనే ఆసిఫాబాద్‌లోని మన సభామందిరము రియాద్‌లో ఉద్యోగము చేయుచున్న పాత విద్యార్థి ఎదుటను, హైదరాబాద్‌లో చదువుకొనుచున్న అతని చెల్లెలి ఎదుటను ఒకేమారు నిలుచుచున్నది. సభ ముగిసిన పిదప ఆ ప్రసారమే ఒక వీడియోగా మిగులుచున్నది. మిగిలినది గనుక అది ఎప్పటికిని ఉండునని అందరును తలచెదరు. అది ఎవరి ఇంటిలో ఉన్నది, ఎంతకాలముండును అను ప్రశ్న సాధారణముగా ఎవరికిని తోచదు.

కళాశాల సంచికకు వ్యాసమొకటి వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, ఈ ప్రశ్ననే విద్యార్థుల ముందును, కమిటీ పెద్దల ముందును ఉంచదలచినాము. 2025వ సంవత్సరమున మన సభల వీడియోలను ఒక వేదిక నుండి మరియొక వేదికకు తరలించు పని మా చేతికి వచ్చినది. మేము తెలుగు బోధించువారము. యంత్రవిద్య మా శాస్త్రము కాదు. అయినను ఈ పని మాకు యంత్రవిద్యగా కంటె గ్రంథ పరిష్కరణముగానే తోచినది. ఎందువలననో క్రమముగా విన్నవించెదము.

ప్రత్యక్ష ప్రసార సౌకర్యమును ఫేస్‌బుక్ సంస్థ 2016లో సామాన్యులందరికి తెరిచినది. అదే సంవత్సరము అక్టోబరు 11న కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా ఏర్పడినది. ఒకప్పుడు జిల్లా కేంద్రమై, ఆ గౌరవమును ఆదిలాబాదునకు వదలుకొన్న మన ఊరు మరల కేంద్రస్థానమైనది. క్రొత్త జిల్లాలో సభలు పెరిగినవి. సభలతో పాటు ప్రసారములును పెరిగినవి. సెప్టెంబరు 9న కాళోజీ జయంతి, నవంబరు 9న ఇక్బాల్ జయంతి సందర్భమున ఉర్దూ దినోత్సవము, నవంబరు 11న మౌలానా ఆజాద్ జయంతియైన జాతీయ విద్యా దినోత్సవము, వార్షికోత్సవములు, ముషాయిరాలు, కవి సమ్మేళనములు, పదవీ విరమణ సన్మానములు, కరోనా కాలమున తలుపులు మూసికొని చెప్పిన పాఠములు – ఇట్లు అరువదికి పైగా వీడియోలు మన పేజీలో చేరినవి. ఒకే సాయంకాలము ఒకే వేదికపై ఉర్దూ గజలు, తెలుగు పద్యము, గోండీ పాట, మరాఠీ అభంగము వినబడు ఊరు మనది. అట్టి సాయంకాలము అచ్చులోనికి పూర్తిగా రాదు. వీడియోలోనికి వచ్చినది.

2025 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ యజమానియైన మెటా సంస్థ ఒక ప్రకటన చేసినది. ఆ నెల 19వ తేదీ నుండి క్రొత్తగా చేయు ప్రత్యక్ష ప్రసారములు 30 దినములు మాత్రమే నిలువయుండును, అటుపిమ్మట తొలగింపబడును. అంతకు పూర్వమున్న పాత ప్రసారములును తొలగింపబడును గాని, వాటి సొంతదారులకు ముందుగా తెలియజేసి 90 దినముల గడువు ఇయ్యబడును. ఈ లోపల దింపుకొనువారు దింపుకొనవచ్చును. గూగుల్ డ్రైవు వంటి నిలువ స్థానములకు నేరుగా పంపుకొనువారు పంపుకొనవచ్చును. చాలదనువారు మరి ఆరు నెలలు వాయిదా కోరవచ్చును. సంస్థ చెప్పిన కారణము సూటియైనదే. ప్రత్యక్ష ప్రసారములను చూచువారిలో అధికులు తొలి కొద్ది వారములలోనే చూచుచున్నారు. ఆ తరువాత చూచువారు స్వల్పము.

ఈ నిర్ణయమును నిందించుట మా ఉద్దేశము కాదు. ఇల్లు వారిది; అద్దె మనము చెల్లింపలేదు; ఖాళీ చేయుడని చెప్పి గడువును ఇచ్చినారు. అయితే వారు చెప్పిన కారణమును మాత్రము కొంత తూచి చూడవలెను. చూచువారి సంఖ్యయే విలువకు కొలమానమైనచో గ్రంథాలయములోని మూడువంతుల పుస్తకములను నేడే తూకమునకు వేయవలసియుండును. ఒక కవి సమ్మేళనమును తొలి వారమున మూడు వందల మంది చూచినారు. ఆ తరువాత ఐదేండ్లు ఎవరును చూడలేదు. ఆరవ యేట ఒక్కరు వెదకుకొనుచు వచ్చినారు. ఆ ఒక్కరి అవసరము సంఖ్యలకు అందునది కాదు. దీనికి మా అనుభవమునుండియే ఒక దృష్టాంతమును కొంత దూరమున చెప్పెదము.

ఇట్టి ఖాళీలు ఇదియే మొదలు కాదు. గూగుల్ వీడియో అను వేదిక 2011 ఏప్రిలులో తన వద్దనున్న వీడియోలను తొలగింపనున్నట్లు ప్రకటించి, జనుల ఆందోళనను గమనించి, వాటిని తానే యూట్యూబునకు మార్చుటకు సమ్మతించినది. 2012లో పూర్తిగా మూతబడినది. ప్రత్యక్ష ప్రసారములకే పుట్టిన జస్టిన్ టీవీ 2014 ఆగస్టులో మూతబడినది. పెరిస్కోపు 2021 మార్చి 31న ముగిసినది. మన దేశమున 2020 జూన్ 29న ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, పల్లెలలో పాట పాడి, ఆట ఆడి పేరు తెచ్చుకొన్నవారి వీడియోలు ఒక్క రాత్రిలో కంటికి కరువైనవి. కారణములు వేరు; ఫలితమొకటే. వేదిక ఎంత పెద్దదైనను అది నిలువ గది కాదు.

పెద్ద సంస్థలును ఈ విషయమున జాగరూకులై ఉండునని అనుకొనరాదు. 1969 జూలైలో మానవుడు చంద్రునిపై అడుగిడిన దృశ్యమును ప్రపంచమున కోట్ల మంది ప్రత్యక్షముగా చూచినారు. చంద్రుని నుండి నేరుగా అందిన సంకేతములను నమోదు చేసిన మూల టేపుల కొరకు అనంతర కాలమున నాసా వెదకించినది. అవి దొరకలేదు. టేపుల కొరత ఉన్న దినములలో వాటిని చెరిపి, వేరొక పనికి మరల వాడియుందురని 2009లో తేల్చినారు. టెలివిజను కేంద్రములలో మిగిలిన ప్రసార ప్రతుల నుండియే ఆ దృశ్యమును పునరుద్ధరించుకొనవలసి వచ్చినది. నేడు మనము చూచుచున్నది ఆ ప్రతుల ప్రతి. చంద్రయాత్రకే అట్టి గతి పట్టినప్పుడు ఆసిఫాబాద్ ముషాయిరాను గూర్చి చెప్పవలసినదేమున్నది?

ఇక తరలింపు ఎట్లు జరిగినదో చెప్పెదము. యూట్యూబునందు ఒక ఛానెలును తెరచి, పాత వేదిక నుండి దింపిన వీడియోలను అందు చేర్చుట మా ప్రణాళిక. చెప్పుట సులభము. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున నమోదైన గంట నిడివి వీడియో దాదాపు 1.8 గిగాబైట్లగును. పంపు వేగము సెకనుకు 2 మెగాబిట్లే ఉన్న చోట ఆ ఒక్క గంట వీడియోను ఎక్కించుటకు రెండు గంటలు పట్టును. అనగా సభ జరిగిన కాలమునకు రెట్టింపు కాలము. నడుమ కరెంటు పోయినచో మరల మొదటికి వచ్చిన సందర్భములును కలవు. కనుక మేమును, నలుగురు విద్యార్థులును వంతులు వేసికొని, రాత్రి పది గంటల తరువాత, ఊరు నిద్రించి నెట్టు తెరపి ఇచ్చు వేళలలో ఈ పని సాగించినాము.

కొందరు విద్యార్థులు ఒక దగ్గరి దారిని సూచించినారు. పాత వీడియోను ఒక తెరపై ఆడించి, ఆ తెరనే మరల రికార్డు చేసినచో సరిపోవును గదా అనినారు. అది జిరాక్సుకు జిరాక్సు తీయుట వంటిది. వీడియో ఒక వేదికకు చేరిన ప్రతిమారును దానిని కుదించి నిలువ చేయుదురు. కుదించిన ప్రతిమారును కొంత వన్నె తగ్గును. కనుక లభించినంతలో మూలమునకు దగ్గరియైన ప్రతినే దింపుకొనవలెను. దింపిన ప్రతిని చెరుపక దాచవలెను. యూట్యూబు నిబంధనలనుకూడ తెలిసికొనుట అవసరము. ధ్రువీకరింపని ఖాతానుండి 15 నిమిషములకు మించిన వీడియో ఎక్కదు. ధ్రువీకరించినను ఒక్కొక్క వీడియో 12 గంటలకు గాని, 256 గిగాబైట్లకు గాని మించరాదు. శీర్షికకు 100 అక్షర స్థానములు, వివరణకు 5000 స్థానములు. ఈ చివరి అంకె మాకు మిక్కిలి ఉపకరించినది.

ఏలయనగా, తరలింపులో కదలునది వీడియో ఒక్కటే. దాని క్రింద జనులు వ్రాసిన వ్యాఖ్యలు కదలవు. ఎందరు చూచిరో ఆ లెక్క కదలదు. క్రొత్త ఇంటిలో దానికి పడు తేదీ సభ జరిగిన తేదీ కాదు, ఎక్కించిన తేదీ. 2018లో జరిగిన సభ 2025లో జరిగినట్లు కనబడును. అప్పటికే పరమపదించిన పెద్దలు వేదికపై కూర్చుండి మాట్లాడుచున్నట్లు తేదీ సాక్ష్యము పలుకును! ఇది చరిత్రకు చేయు అపచారము. రికార్డు చేసిన తేదీని వేరుగా నింపుటకు యూట్యూబునందు ఒక గడి కలదు. దానిని నింపువారు అరుదు. మేము ప్రతి వీడియోకును దానిని నింపి, శీర్షికలో సంవత్సరమునుకూడ చేర్చినాము.

తాళపత్ర గ్రంథములను చూచినవారికి ఈ పని క్రొత్తగా తోచదు. ప్రతి వ్రాసినవాడు కడపట తన పేరును, ఊరును, తిథి వార సంవత్సరములను వ్రాసి ముగించుట లేఖకుల ఆచారము. హదీసు శాస్త్రమున మాటకు ముందు సనదు ఉండును. ఎవరు ఎవరి వలన వినినారో ఆ పరంపర తెలియనిదే మాటకు విలువ కట్టరు. సి. పి. బ్రౌను కడపలో పండితులను, లేఖకులను పోషించి, చెదలు పట్టుచున్న తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించినాడు. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించినాడు. ఆయన చేసినది ఒక ఆధారము నుండి మరియొక ఆధారమునకు తరలింపే. తాటియాకు నుండి కాగితమునకు, కాగితము నుండి అచ్చునకు. ప్రతి తరమునకును ఇట్టి తరలింపు పని ఒకటి వచ్చును. మన తరమునకు వచ్చినది వీడియోల రూపమున వచ్చినది.

పైన చెప్పెదమన్న దృష్టాంతము ఇది. మన కళాశాలలో పూర్వము ఉర్దూ బోధించి విశ్రాంతి తీసికొన్న ఒక పెద్దలు 2021లో, రెండవ విడత కరోనా కాలమున కాలధర్మము చెందినారు. వారి కుమార్తె కాగజ్‌నగర్‌లో ఉపాధ్యాయిని. తరలింపు జరుగుచున్నదని విని ఒకనాడు మమ్ము వెదకుకొనుచు వచ్చినారు.

“సార్, అబ్బా ఫోటోలు ఇంట్లో చాలా ఉన్నయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. మీ కాలేజీల ఒకసారి మాట్లాడిండ్రట గద, అది దొరుకుతదా?” అని అడిగినారు.

“వెదుకుతం, ఆపా. ఉంటే తప్పకుండ మీకు చేరుస్తం” అని చెప్పి పంపినాము.

వెదకుట అనుకొన్నంత సులభము కాలేదు. ఆ సభ ఏ నెలలో జరిగినదో ఎవరికిని జ్ఞాపకము లేదు. వీడియోలలో సగమునకు పైగా వాటికి పేర్లే లేవు. పేజీ ప్రత్యక్ష ప్రసారములో ఉండినదను సూచన ఒక్కటే ఉన్నది. ఒక్కొక్క దానిని తెరచి వినవలసినదే. అట్లు వెదకుచుండగా 2019 నాటి ఒక వీడియో క్రింద గల్ఫులోని ఒక పాత విద్యార్థి వ్రాసిన రెండు పంక్తుల వ్యాఖ్య మా విద్యార్థి కంట బడినది. ఉస్తాదు గారి గొంతు విని పదునాలుగేండ్లయినదనియు, డ్యూటీ గదిలో కూర్చుండి వినుచున్నాననియు అతడు రోమను లిపిలో ఉర్దూ మాటలు వ్రాసియున్నాడు. ఆ వ్యాఖ్యయే మాకు దారి చూపినది. తెరచి చూడగా, రెండు సన్మానముల నడుమ, నలువది నిమిషముల పాటు ఆ పెద్దలు మాట్లాడుచున్నారు.

ఆ ప్రసంగమును మేము మూడుమారులు విన్నాము. పెద్దవాగు పొంగిన వర్షాకాలముల గూర్చియు, తమ బాల్యమున ఉర్దూ బడిలో పలక పట్టిన దినముల గూర్చియు, అంగడిలో గోండీ, ఇంట దక్కనీ, పొరుగింట తెలుగు నేర్చిన తీరు గూర్చియు చెప్పినారు. ఊరిలోని ఏ బాలుడును మూడు భాషలకు తక్కువ తెలిసినవాడు కాడనుచు నవ్వినారు. ఏ గ్రంథమునను లేని సంగతులవి. ఆ వ్యాఖ్య లేకున్నచో ఆ వీడియో మాకు అంత త్వరగా దొరకకపోవును. ఆ వ్యాఖ్యయే తరలింపులో వెంట రానిది!

కనుక మేము ఒక నియమమును ఏర్పరచుకొన్నాము. ప్రతి వీడియో క్రింది వ్యాఖ్యలలో సభను గూర్చిన సమాచారము ఏదియున్నను, వ్రాసినవారి పేర్లు విడిచి, ఆ సమాచారమును క్రొత్త వీడియో వివరణలో చేర్చవలెను. వక్త, విషయము, భాష, తేదీ, స్థలము, ఏ నిమిషమున ఎవరు మాట్లాడినారు అను పట్టిక – ఇవన్నియు ఆ 5000 స్థానములలో ఇముడును. ఆ పెద్దల ప్రసంగమును వేరు వీడియోగా కోసి, మూల సభను చెరుపక, రెండింటిని నిలిపినాము. ఒక ప్రతిని పెన్‌డ్రైవులో వారి కుమార్తెకు అందజేసినాము. ఆమె దానిని ఎదుట వినలేదు. ఇంటికి తీసికొనిపోయి అమ్మతో కూడ వినెదమని చెప్పి వెళ్లినారు.

లిపిని గూర్చియు ఒక మాట. పాత వివరములను దింపుకొన్నప్పుడు వచ్చిన ఒక ఫైలులో తెలుగు శీర్షికలును, ఉర్దూ శీర్షికలును చదువుటకు వీలుకాని రోమను గుర్తుల గుంపుగా కనబడినవి. అక్షరములు నశించినవని విద్యార్థులు దిగులు పడినారు. నశింపలేదు. కంప్యూటరు నిలువలో ఒక్కొక్క ఉర్దూ అక్షరము సాధారణముగా రెండు బైట్లుగాను, తెలుగులోని ఒక్కొక్క సంకేతము మూడు బైట్లుగాను ఉండును. ఆ బైట్లలో ఒక్కొక్క దానిని ఒక్కొక్క రోమను అక్షరముగా చదివినచో ఇట్టి గందరగోళము ఏర్పడును. సరియైన పద్ధతిలో మరల చదివించినచో రెండు లిపులును యథాతథముగా తిరిగి వచ్చును. మన కంప్యూటరు విద్యార్థి ఒకడు కొన్ని పంక్తుల ప్రోగ్రాముతో దీనిని సాధించినాడు. ఇంగ్లీషు శీర్షికలకు ఈ కష్టము రాలేదు. మన భాషలను తరలించునప్పుడు మన భాషలు తెలిసినవారే ప్రక్కన ఉండవలెననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

అన్నింటిని తరలించుటయే ధర్మమా? ఈ ప్రశ్న మమ్ము చాల దినములు ఆలోచింపజేసినది. ఒకనాటి సాయంకాలము వేదికపై గజలు చదివిన విద్యార్థిని ఆనాడు సభలోని వారికొరకు చదివినది. పేజీలో అడుగున పడియున్నప్పుడు దానిని చూచువారు లేరు. క్రొత్త ఛానెలులో పేరు, తేదీ చేర్చి పెట్టినచో వెదకినంతనే ఎవరికైనను దొరకును. మేము చేయు సేవయే ఆమెకు ఇబ్బంది కావచ్చును. అందువలన, విద్యార్థులు కనబడు వీడియోలన్నింటికి వారినే, లేక వారి తల్లిదండ్రులను అడిగినాము. అధికులు సంతోషముతో అంగీకరించినారు. ఒక పాత విద్యార్థిని తండ్రి మాత్రము, “బిడ్డ పెండ్లయి అత్తగారింట ఉన్నది, సార్. తప్పేమి లేదు గాని, ఇప్పుడు అందరి ముందర వద్దు” అనినారు. కారణమును మేము తరచలేదు. ఆ వీడియోను బహిరంగముగా ఉంచక కళాశాల డిస్కులో మాత్రమే దాచినాము. ఆమె తానే ఎప్పుడైన కోరినచో ఇయ్యవచ్చును. వ్యక్తుల సమాచారమును వారి సమ్మతితో వాడుకొనవలెనని 2023లో పార్లమెంటు చట్టమును చేసినది. చట్టము లేకున్నను మర్యాద ఉన్నది గదా.

ఇంతకు, యూట్యూబునందు చేర్చినంత మాత్రమున సభలు సురక్షితములైనవా? కాలేదు. ఒక అద్దె ఇంటి నుండి మరియొక అద్దె ఇంటికి చేరినవి, అంతే. భారత సర్వోన్నత న్యాయస్థానము 2022 సెప్టెంబరు 27 నుండి రాజ్యాంగ ధర్మాసనముల విచారణలను ప్రత్యక్షముగా ప్రసారము చేయ మొదలిడినది. వాటిని యూట్యూబునందు చూపుట గూర్చి అప్పుడే అభ్యంతరము రాగా, న్యాయస్థానమునకు సొంత వేదిక ఏర్పడునని ప్రధాన న్యాయమూర్తి తెలిపినారు. 2024 సెప్టెంబరు 20న ఆ న్యాయస్థానపు యూట్యూబు ఛానెలులోనికి ఎవరో చొరబడి ఏదో ద్రవ్య ప్రకటనలను ప్రదర్శించినారు. కొంతకాలము ఛానెలును నిలిపివేయవలసి వచ్చినది. పుస్తకములను, వెబ్ పేజీలను, వీడియోలను భద్రపరచుటకే 1996లో అమెరికాలో స్థాపింపబడిన ఇంటర్నెట్ ఆర్కైవు అను ధర్మసంస్థ పైనను 2024 అక్టోబరులో దాడి జరిగి, కొన్ని దినములు సేవలు నిలిచినవి. తాళము లేని ఇల్లు లేదు. తాళము పగులని ఇల్లును లేదు.

అందువలననే ఈ విషయము తెలిసినవారు ఒక సూత్రమును చెప్పుదురు. ముఖ్యమైన దేనికైనను మూడు ప్రతులుండవలెను. అవి రెండు వేర్వేరు విధములైన సాధనములలో ఉండవలెను. అందొకటి వేరొక స్థలమున ఉండవలెను. మన పెద్దలు విత్తనములను దాచిన తీరు ఇదియే. ఒక గుమ్మి తడిసినను మరియొక గుమ్మి కాపాడును.

మన ప్రాంతమునకు ఇది ఎంత అవసరమో రెండు ఉదాహరణములు చాలును. 1940లో జోడేఘాట్ కొండలలో కుమ్రం భీం అమరుడైనాడు. ఆయన మాట మనకు విన్నవారి నోటినుండి, పాటలనుండి వచ్చినది. ఆ తరువాత ఈ అడవులకు వచ్చి గోండుల జీవితమును పరిశోధించిన హైమండార్ఫ్ తీసిన ఛాయాచిత్రములు నేడు లండనులోని సోయాస్ విద్యాలయమున భద్రముగా ఉన్నవి. మార్లవాయి గ్రామము ఇక్కడ. మార్లవాయి చిత్రము అక్కడ! పరాయి దేశమువారు దాచినందుకు కృతజ్ఞులము. అయితే ఆ మార్లవాయి వాసియే యగు గుస్సాడీ కళాకారుడు, పద్మశ్రీ కనకరాజు గారు 2024 అక్టోబరులో దివంగతులైనారు. దండారి వేడుకలను, కేస్లాపూర్ నాగోబా జాతరను నేడు వందల ఫోనులు ప్రత్యక్షముగా ప్రసారము చేయుచున్నవి. ఆ వందలలో ఎన్ని ప్రతులు పదేండ్ల తరువాత దొరకును? లండనులో వెదకవలసిన అగత్యము మన మనుమలకు కలుగకూడదని మా కోరిక.

కళాశాల కమిటీ పెద్దలకు కొన్ని విన్నపములు. ప్రతి సభకును ముందుగనే ఒక విద్యార్థిని లేఖకుడుగా నియమింపవలెను. సభ ముగిసిన వారము లోపల అతడు మూల ప్రతిని దింపి, తేదీ, వక్తలు, విషయము వ్రాసి అప్పగింపవలెను. ఫైలు పేరు సంవత్సరము, నెల, తేదీతోనే మొదలు కావలెను. వ్యాఖ్యలలో లభించు సమాచారమునుకూడ ఆ లేఖకుడే ఎత్తి వ్రాయవలెను. రెండు హార్డ్ డిస్కులు కొనవలెను. ఒకటి గ్రంథాలయపు బీరువాలోను, మరియొకటి కళాశాలకు వెలుపల కమిటీ నిర్ణయించిన చోటను ఉండవలెను. డిస్కును శాశ్వతమైనదని నమ్మరాదు. ఏటేట తెరచి చూచి, కొన్నేండ్లకొకసారి క్రొత్త డిస్కులోనికి మార్చవలెను. గ్రంథాలయమున పుస్తకములకున్నట్లే సభలకును ఒక రిజిష్టరు ఉండవలెను. అది ఉర్దూ, తెలుగు రెండు లిపులలోను ఉండవలెను. ఛానెలు ఖాతా ఒక ఉద్యోగి సొంత ఫోను నంబరుపై గాక, కళాశాల పేర ఉండవలెను. ఉద్యోగులు బదిలీ అగుదురు, విరమింతురు, కళాశాల ఉండును. వీటికగు వ్యయము ఒక వార్షికోత్సవపు షామియానా ఖర్చునకు మించదు.

విద్యార్థులకు ఒక మాట. మీ చేతిలోని ఫోనునందు మీ నానమ్మ చెప్పిన కథ ఉండవచ్చును. మీ ఊరి పీర్ల పండుగ అలావా ఉండవచ్చును. ఎత్తు బతుకమ్మ ఉండవచ్చును. మీకు లెక్కలు నేర్పిన సారు చివరి పాఠము ఉండవచ్చును. వాటిని ఏ వేదికయో కాపాడునని విశ్వసింపకుడు. వేదికకు మీ నానమ్మ ఎవరో తెలియదు. చూచినవారెందరో అది మాత్రమే తెలియును. ఈ సెలవులలో ఒక మధ్యాహ్నమును దీనికి కేటాయింపుడు. దింపుకొనుడు. పేరు పెట్టుడు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని మూడు మాటలు వ్రాయుడు. ఒక ప్రతిని తోబుట్టువుకు ఇయ్యుడు.

మన కళాశాల సభలు ఇప్పటికి ఇల్లు మారినవి. అరువదికి పైగా వీడియోలలో మూడింటిని, శబ్దము నమోదు కానందున, బొమ్మలుగా మాత్రమే దక్కించుకొన్నాము. మిగిలినవన్నియు మాటతో సహా ఉన్నవి. మరి పదేండ్లకు వాటిని మరియొక ఇంటికి చేర్చవలసిన దినము తప్పక వచ్చును. అప్పుడు ఆ పని చేయువారు ఈ సంచికను చదువుచున్న మీలోనే ఉందురు. వారికి పని తేలిక కావలెనని, వెదకునది వెదకినంతనే దొరకవలెనని, రిజిష్టరు తొలి పుటలో తేదీ వేసి మొదలు పెట్టినాము.